సుర్మయీ గోళ్ళు

ఈ రంగుకి తెలుగు మాట తట్టలేదు నాకు. ఉర్దూలో వెంటనే తట్టింది, సుర్మయీ. కంట్లో పెట్టుకునే సుర్మా రంగు. మగ్రిబ్ అజాన్‌కి కాస్త ముందు భద్రాచలం వంతెన మీద నిలబడితే గోదావరి అవతల అడవి ఈ రంగులోనే ఉంటుంది. మా భాంజీ హైదరాబాద్ నుంచి పంపిన నెయిల్ పాలిష్ అది. పెద్ద కంపెనీది కాదు, ఎవరో అమ్మాయి ఇంట్లోనే కొంచెం కొంచెం కలిపి ఆన్‌లైన్‌లో అమ్ముతోందట. సీసా ఊపితే లోపల చిన్న గోలీలు గలగలమన్నాయి. అడుక్కి దిగిన మెరుపును పైకి లేపడానికి అవి.

ఇలాంటి మెరుపు చాలావాటిలో అభ్రకం నుంచే వస్తుంది. మన కాకిబంగారమే. గూడూరు వైపు గనుల్లో తవ్వే రాయి. దాన్ని పొడి చేసి, టైటానియం డయాక్సైడ్ పూత పూస్తే ముత్యంలా మెరుస్తుంది. జార్ఖండ్‌లో ఆ అభ్రకాన్ని పసిపిల్లలు ఏరుతున్నారన్న వార్తలు చదివినప్పటి నుంచి మెరుపు అనగానే నాకు కొంచెం బేచైనీ.

మొదటి పూత చూస్తే కొత్తగూడెం బొగ్గుబావి నుంచి బయటికొచ్చిన చేతుల్లా ఉన్నాయి. రెండో పూతకి మెరుపు లేచింది. ట్యూబ్‌లైట్ కింద బూడిద రంగు, వేలు తిప్పితే వంకాయ రంగు. ఖూబ్‌సూరత్!

కానీ మన ఇళ్ళలో నెయిల్ పాలిష్ అంటే ముందు వచ్చే మాట రంగు కాదు, వజూ. సూరా మాయిదా 6వ ఆయత్‌లో చేతులు మోచేతుల దాకా కడగమని ఉంది. గోటికి నీళ్ళు తగలాలి. మెహందీ రంగు మాత్రమే ఇస్తుంది, పాలిష్ పొరై కూర్చుంటుంది. గాలీ నీళ్ళూ లోపలికి పోతాయంటూ పోలాండ్ కంపెనీ ఇంగ్లాట్ ఓ2ఎమ్ అనేది తెచ్చింది గానీ, దాని మీద ఉలేమాలకి ఏకాభిప్రాయం లేదు.

అందుకే మనలో చాలామంది నమాజ్ మాఫ్ ఉన్న రోజుల్లోనే వేసుకుంటారు. అంటే ఆ గోళ్ళు ఒక ఎలాన్. మా ఉర్దూ మీడియం బడిలో రంగు గోళ్ళ పిల్ల దుపట్టా కింద చేతులు దాచుకునేది. ఇంట్లో అబ్బా, భాయీలు చూస్తారని అదో షరమ్. రిపోర్టింగ్‌కి చింతూరు వైపు సంతలకి వెళ్తే, తునికాకు కోసిన చేతులతో కోయ పిల్లలు అన్నిటికన్నా మెరిసే సీసా ఏరుకుని అక్కడికక్కడే వేసుకునేవాళ్ళు. కాసేపు నిలబడి చూసేదాన్ని.

అమ్మీ భయం వేరు. మా మొహల్లాలో ఆడవాళ్ళ మయ్యత్‌కి గుసుల్ ఇచ్చేది ఆమే. ఒక రాత్రి కొత్త పెళ్ళికూతురికి ఇవ్వాల్సి వచ్చింది. గోళ్ళకి ఎర్ర పాలిష్. ఇంట్లో రిమూవర్ లేదు. ఎవరో కుర్రాడు వెళ్ళి ఫ్యాన్సీ షాపతన్ని నిద్రలేపాడు. పది వేళ్ళూ అమ్మీయే దూదితో తుడిచింది. ఆ తర్వాత మా ఇంట్లోకి పాలిష్ సీసా రాలేదు.

ఇప్పుడామెకి డెబ్బై దాటాయి. మాఫీ రోజులు ఎప్పుడో అయిపోయాయి. భాంజీ సీసాని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

"సుర్మాలాగే ఉందే" అంది.

ఇషా అయ్యాక ఎడమచేతి చిటికెన వేలు నా ముందు పెట్టింది. "ఒక్కటే. రిమూవర్ నా తలగడ దగ్గర పెట్టు. ఏమో, రాత్రి ఏమైనా అయితే వెతుక్కోకుండా ఉంటారు."

ఫజర్‌కి ముందు తనే లేపింది. మెరుపు పాలిష్ ఒక పట్టాన వదలదు, తడిపిన దూది గోటి మీద కాసేపు అదిమి పట్టాలి. తుడిచాను. గోటి మూలలో రెండు చుక్కలు మిగిలాయి. అగ్గిపుల్లకి దూది చుట్టి వాటిని తీస్తుంటే, అమ్మీ వేలు దీపం వైపు తిప్పి, "ఇంకా ఉంది చూడు" అంది.