రాగులపాడులో ఉక్కు మందం

వజ్రకరూరు అనగానే తొలకరి వానలకు చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లే అందరికీ గుర్తొస్తారు. ఈ కరువు సీమకు అంతకన్నా విలువైనది ఇదే మండలంలోని రాగులపాడు దగ్గర ఉంది. మల్యాల దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి తోడిన కృష్ణా నీరు హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం మొదటి దశలో మెట్టు మెట్టుగా పైకెక్కి, ఇక్కడి పంప్‌హౌస్‌లో మరోసారి ఎత్తితే గానీ జీడిపల్లి జలాశయానికి చేరదు. 2012లో అక్కడికి నీళ్లొచ్చాయి. నేను చూడాలని వెళ్లింది మోటార్లను కాదు, పంపుల నుంచి నీటిని పైకి మోసే ఉక్కు పైపులను. పలకలను వంచి వెల్డింగుతో అతికినవి ఇవి. అతుకు మీద చెయ్యి పెడితే ఉబ్బెత్తు గీత తగులుతుంది, అంతే. ఆ గీత కింద లోహం పూర్తిగా కలిసిందో లేదో, పలక లోపలి వైపు తుప్పు ఎంత తినేసిందో కంటికి తెలియదు. అందుకే ఇలాంటి పైపుల మందాన్ని ఏటా అల్ట్రాసోనిక్ పరికరంతో కొలిచి, ఆ లెక్కను భద్రపరచాలని నా వాదన.

పని చూడడానికి చిన్నదే. గీకి శుభ్రం చేసిన చోట కాస్త జెల్ రాసి, రూపాయి బిళ్లంత ప్రోబ్‌ను ఆనిస్తారు. జెల్ లేకపోతే మధ్యలోని గాలి పొర దగ్గరే ధ్వని ఆగిపోతుంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. 10 మిల్లీమీటర్ల పలక అవతలి అంచును తాకి తిరిగి రావడానికి పట్టేది సెకనులో 10 లక్షలవ వంతులు మూడున్నర కూడా కాదు. ఆ కాలాన్నే పరికరం మందంగా మార్చి చూపిస్తుంది. వెల్డింగుకు మాత్రం ధ్వనిని 45, 60, 70 డిగ్రీల వాలుతో పంపుతారు. అతుకులో కలవని అంచు గానీ పగులు గానీ ఉంటే ప్రతిధ్వని అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. పైపులో నీళ్లు పారుతుండగానే, బయటి నుంచే మందం కొలవవచ్చు. నీళ్లొచ్చే రోజుల్లో పంపులు ఆపలేని ప్రాంతానికి ఇంతకన్నా ఏం కావాలి?

పైపు బిగించినప్పుడే నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు కదా, మళ్లీ ఎందుకని అడిగేవారున్నారు. ఆ పరీక్ష ఆనాటి బలం చెబుతుంది, తరవాత జరిగే అరుగుదలను కాదు. ఎండిన నేలలో తుప్పేమిటన్నది మరో ప్రశ్న. కానీ తుప్పుకు కావలసిన తడి పైపు లోపలే ఉంది. పంపులు ఆగిన నెలల్లో అడుగున నిలిచిన నీళ్లు, పైన గాలి. ఆ రెండూ కలిసే గీత దగ్గరే ఉక్కు త్వరగా తరిగిపోతుంది. బరువైన అభ్యంతరం మూడోది: అంకె మనిషి చేతిని బట్టి మారుతుందని. నిజమే. మామూలు పరికరాన్ని రంగు మీదే ఆనిస్తే, రంగులో ధ్వని నెమ్మదిగా పోతుంది కాబట్టి, లేని మందాన్ని కూడా కలిపి చూపిస్తుంది. రెండు కొలతల మధ్య ఉన్న చిన్న తుప్పు గుంట తప్పిపోవచ్చు. దీనికి మందు కొలత మానేయడం కాదు. మందం తెలిసిన మెట్ల దిమ్మె మీద ముందు పరికరాన్ని సరిచూసుకోవాలి, పైపు మీద చదరాల గళ్లు గీసి ఏటా అవే చోట్ల కొలవాలి. ఒక్కసారి 9.6 మిల్లీమీటర్లు అని వస్తే అది తుప్పో, పలక తయారైనప్పుడే అంత ఉందో చెప్పలేం. అదే చోట వరసగా వచ్చిన అంకెలే అరుగుదల వేగం చెబుతాయి.

ఈ క్రమశిక్షణ మనకు కొత్తదీ కాదు, దూరంలోనూ లేదు. పక్కనే ఉన్న గుంతకల్లు రైల్వే డివిజన్‌కు ఇది రోజువారీ పని. రైల్వేలో ఇదే ధ్వనితో పట్టాలను, వాటి అతుకులను పరీక్షిస్తారు. లోపం దొరికితే పట్టా మీద ఎర్రరంగు గుర్తు పడుతుంది, దాన్ని ఎన్నాళ్లలో మార్చాలో నిబంధన ఉంటుంది. కొలతకు విలువ వచ్చేది అక్కడే. 2025లో హంద్రీ-నీవా మొదటి దశ కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేశారు. దారి పొడవునా ఉక్కు మీద ఆధారపడడం ఇంకా పెరిగింది. పైపుల మందం లెక్కను ఏటా రాసి, ఏ అంకె దగ్గర పలక మార్చాలో ముందే నిర్ణయించి, ఆ పట్టికను పంప్‌హౌస్ గోడ మీద ఆయకట్టు రైతులు చదివేలా పెట్టాలని జలవనరుల శాఖ ఇంజనీర్లను కోరుతున్నాను.