మతమేల పుట్టెను?

మా యవ్వ బిట్రగుంటలో ఏటేట పోలేరమ్మకు పొంగలి పెట్టెడిది. ఆమె తమ్ముడు బాల్యమున మశూచికముచే మరణించెనట. "అవ్వా! 1980 నాటికే ఆ వ్యాధి లోకమునుండి తొలగినది గదా, ఇంక పొంగలి యేల?" అని మే మొకనాడు చదువుకొన్న గర్వముతో నడిగితిమి. "వాడు పోయిననాడు మా గడప త్రొక్కుటకు అందరును వెరచిరి. పొంగలినాడు మాత్రము ఊరంతయు వచ్చి మాతో కూర్చుండెను, నాయనా" అని యామె బదులిడెను.

మతము భయమునుండి పుట్టెనని కొందరందురు. పరస్పరము సాయపడు తెగలే నెగ్గునని డార్విను 1871లో వ్రాసెను. మతము జనులను ఒక్క సంఘముగా కూర్చునని డర్క్‌హైము 1912లో వ్రాసెను. మశూచికము పోయినను వెంకటగిరిలో పోలేరమ్మ జాతర నేటికిని జరుగుచున్నది. భయము తొలగినను కూడిక నిలిచినది.

సహపాఠులారా! దుఃఖములో ఒంటరియైన గడపను మనము త్రొక్కుచున్నామా? మన భక్తికి అదియే పరీక్ష.