సిరా నింపే వేళ

తెల్లవారుజామున నాలుగున్నరకు పెన్నులో సిరా పోస్తాను. రాజమండ్రిలో కొన్న నల్లటి ఎబొనైట్ పెన్ను, నాన్నది. డ్రాపరుతో చుక్కచుక్కగా వదలాలి. తొందరపడితే వేళ్లన్నీ నీలమే. పాళీ మొదట పొడిగా గీసుకుంటుంది. విదిలించకూడదు, వంచి పట్టుకుని కాసేపు ఆగమనేవాడు నాన్న. సిరా తన దారి తనే వెతుక్కుంటుంది.

విశ్వనాథవారు వేయిపడగలు 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టారంటారు. ఆ ధార తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాకు రోజుకు ఒకటిన్నర పేజీ. కొన్ని రోజులు అదీ లేదు.

ఇంకా రాని వాక్యాన్ని నమ్ముకుని కూర్చోవడం ఎలా?

నా నవలలో ఒక ముసలమ్మ పదకొండు రోజులుగా గోదావరి రేవు మెట్ల మీదే కూర్చుని ఉంది. లేచి ఎటు వెళ్తుందో తెలియదు. ఇదివరకైతే కంగారుపడి చెయ్యి పట్టుకుని లేపేదాన్ని. అప్పుడు నడిచేది ఆమె కాదు, నేను. ఇప్పుడు పక్కనే కూర్చుంటున్నాను. నిన్న కొంగు ముడి విప్పింది. అందులో ఏముందో మాత్రం చూపించలేదు.

పాళీ తడిసింది. వీధిలో పాలబ్బాయి సైకిలు గంట. మెట్ల మీద ఆమె, ముడి విప్పిన కొంగు ఒళ్లో పరుచుకుని, నీళ్ల వైపు చూస్తోంది.