పర్చూరు దారిలో ఆగిన కారు

చీరాలనుండి చిలకలూరిపేటకు పోవు దారిలో పర్చూరు కలదు. 1970కి పూర్వమిది గుంటూరు జిల్లాలోనిది. పిదప ప్రకాశములోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు మారినను నల్లరేగడియు, ప్రత్తియు, మిరపయు మారలేదు.

మేము ఫాల్గుణమాసమున ఆ దారిని పోతిమి. కల్లములలో మిరపపండ్లు ఎఱ్ఱగా ఎండుచుండెను. ఒకచోట తుమ్మచెట్టు క్రింద ఒక కారు ఆగియుండెను. తాళపుచెవి త్రిప్పిన టిక్కుమను చప్పుడే గాని ఇంజను కదలదు. ప్రత్తిలారీ డ్రైవరొకడు దిగి, “అమ్మా, మా బ్యాటరీనుండి తీగలు కలిపెదను” అనెను. కారులోని యిల్లాలు, “అన్నా, మీ లారీ ఎన్ని వోల్టులది?” అని యడిగినది. 24 అని తేలెను. కారునకు 12 మాత్రమే. కలిపినచో లోపలి సున్నితమగు భాగములు మాడిపోవచ్చును. అతడే పోయి, కల్లమునుండి 12 వోల్టుల ట్రాక్టరును పిలుచుకొనివచ్చెను.

సోదరీమణులారా, సాయము చేయువారు మన పల్లెలలో కొదువలేరు, క్రమము తెలిసియుండవలెను. బ్యాటరీ పగిలినను, ఉబ్బినను, కారుచున్నను ముట్టరాదు. బండ్లు రెండును ఒకదానికొకటి తగులకుండ నిలిపి, ఇంజనులు ఆపవలెను. బంగారుగాజులు, ఉంగరములు తీసి, పైట దోపుకొనుడు. లోహము రెండు ధ్రువములకు తగిలిన చేయి కాలును. చుట్ట, బీడీ దరికి రానీయకుడు.

ఎఱ్ఱతీగ మొదటికొనను చచ్చిన బ్యాటరీ కూడికగుర్తునకును, రెండవకొనను మంచి బ్యాటరీ కూడికగుర్తునకును తగిలింపుడు. నల్లతీగను మంచిదాని తీసివేతగుర్తునకు తగిలించి, దాని చివరికొనను ఆగిన బండి ఇంజనుమీది రంగులేని లోహమునకు, బ్యాటరీకి దూరముగ పట్టింపుడు. చివరి కలయికలో నిప్పురవ్వ లేవవచ్చును. బ్యాటరీనుండి వెడలు ఉదజనివాయువు దానివలన ప్రేలగలదు. అందులకే యీ దూరము.

మంచిబండిని నడిపించి, అయిదు నిమిషములు ఆగి, రెండవదానిని కదలింపుడు. అది నడచిన పిదప తీగలను వెనుకటి వరుసలో విప్పుడు. తరువాత అరగంటయైనను నడిపి, బ్యాటరీని పరీక్షింపించుట మేలు. ఎండవేడిమి దాని ఆయువును హరించును. కారుతో నిచ్చిన పుస్తకము వేఱుగ చెప్పినచో దానినే అనుసరింపుడు.

1912లో అమెరికాలో క్యాడిలాక్ కారునకు విద్యుత్తుతో ఇంజను త్రిప్పు సాధనము అమర్చిరి. అంతకుముందు ఇనుపపిడితో బలముకొలది త్రిప్పవలసియుండెను. ఆ శ్రమ తొలగుటచే కారు నడపుట స్త్రీలకు సుకరమైనది. ఆ సౌకర్యమునకు మూలమైన బ్యాటరీ సంగతి మనము తెలిసికొనుట ఉచితమే గదా!