కొండెక్కే సైకిలు

మా తండ్రిగారి రోజుల్లో సైకిలు కొనడమంటే సంబంధం చూసినంత హడావుడి. నలుగురు పెద్దమనుషులు వెంట వెళ్ళేవారు. ఒకాయన చైను లాగి చూసేవాడు. ఇంకొకాయన వెనక చక్రం గిర్రున తిప్పి, రిమ్ములో వంకర ఉన్నదేమోనని ఒంటికన్నుతో పరీక్షించేవాడు. మూడో ఆయన బెల్లు ఒకటికి రెండుసార్లు కొట్టి, ‘‘నాదం బాగుందండీ, తీసుకోండి’’ అనేవాడు. నిజానికి ఎంచుకోవడానికి అట్టే ఏమీ ఉండేది కాదు. రంగు నలుపే. వెనక క్యారియరు, ముందు డైనమో. బియ్యం బస్తా వేసినా, ఇల్లాలినీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించినా కిమ్మనకుండా మోసేది.

ఇప్పుడు దుకాణంలో అడుగు పెట్టండి, కళ్ళు చెదురుతాయి. వరసగా యాభై సైకిళ్ళు. టైర్లు చూస్తే మోటారు సైకిలు టైర్లకు తమ్ముళ్ళలా ఉంటాయి. పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘గేర్లు ఎన్ని?’’ పెద్దలు అడిగేదీ ఒక్కటే: ‘‘ధర ఎంత?’’ ఈ రెండు ప్రశ్నలతో కొన్న సైకిళ్ళు ఎన్నో మూడు నెలలు తిరక్కుండానే మేడమీదికి చేరి, బట్టలారేసుకోవడానికి పనికివస్తున్నాయి.

మేముండేది మదనపల్లెలో. ఊరికి చేరువలోనే హార్సిలీ కొండ ఉన్నది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ దొర పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ వేసవి విడిది కట్టుకొన్నాడు. దొర పోయాడు, పేరు మాత్రం కొండనెక్కి కూర్చున్నది. శిఖరం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1265 మీటర్లు. మా ఊరే 700 మీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి, అయినా మిగిలినది తక్కువేమీ కాదు. రక్తంలో చక్కెర ఎక్కువైందని డాక్టరుగారు హెచ్చరించిన నాటినుంచీ, అంటే ఆరేళ్ళుగా, నేను గేర్ల సైకిలు తొక్కుతున్నాను. ఆదివారం పొద్దున్నే కొండదాకా పోయి రావడం అలవాటు.

కిందటేడు మా అమ్మాయి ఇంటర్మీడియెట్లో చేరింది. చేరిన వారానికే, ‘‘నాన్నా, నాకూ ఒక మౌంటెన్ బైకు కొనిపెట్టు. సంక్రాంతి సెలవుల్లో నీతో కొండ ఎక్కుతాను’’ అన్నది. దీన్ని తెలుగులో ఏమనాలన్న చర్చ మా కళాశాల స్టాఫు రూములో ఒక పూట జరిగింది. ‘పర్వత ద్విచక్రిక’ అన్నాడొక మిత్రుడు. ఆ మాట పలికేలోగా సైకిలు కొండ దిగిపోతుంది! ‘కొండ సైకిలు’ చాలునన్నాను. ‘తొక్కడం’ అనే క్రియ మనకు ఎంత విశాలమైనదో చూడండి. కుమ్మరి మట్టి తొక్కుతాడు, దర్జీ మిషను తొక్కుతాడు, పిల్లలు సైకిలు తొక్కుతారు. మూడింటిలోనూ కాళ్ళదే కష్టం.

మా ఆవిడ అంతా విన్నది. ‘‘ఆడపిల్లకు కొండలెందుకండీ’’ అంటుందేమో, సమాధానం చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆమె ఆ మాట అనలేదు. ‘‘ఎక్కడం సరేనండీ. దిగేటప్పుడు ఆగుతుందా?’’ అని అడిగింది.

ఈ సైకిళ్ళ గురించి ఇంతకు మించిన ప్రశ్న నేనింతవరకు వినలేదు. అసలు ఈ ఆట పుట్టిందే ఆ ప్రశ్నలోంచి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరున్నది. 1970ల్లో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత ఇనుప సైకిళ్ళు సంపాదించి, కొండమీది మట్టిబాటల్లో దూకించడం మొదలుపెట్టారు. 1976లో పందెమే పెట్టుకొన్నారు. రెండు మైళ్ళలోపు 1300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉంటుంది, పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. కింద చేరేసరికి ఇరుసు భగభగమండి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ దిగాలంటే ఇరుసు విప్పి కొత్త గ్రీజు దట్టించవలసిందే. అలా దట్టించడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. ఆ పందేనికీ, ఆ బాటకూ అదే పేరు స్థిరపడిపోయింది. 1977లో వారిలో ఒకడైన జో బ్రీజ్ ఇందుకోసమే కొత్తగా ఫ్రేములు కట్టాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ పోటీకి చోటు దొరికింది. అంతా కలిపి ఇరవై ఏళ్ళ కథ.

అంచేత దుకాణంలో నేను మొదట చూసింది బ్రేకులు. రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులుండాలి. ఇందులో రెండు రకాలు: తీగతో లాగేవి, నూనె ఒత్తిడితో పనిచేసేవి. రెండో రకం వేలి ఒత్తిడికే పలుకుతుంది. దిగుడంతా పిడికిలి బిగించి వేళ్ళు తిమ్మిరెక్కే బాధ ఉండదు. ధర ఎక్కువే. తీగ రకం తీసుకొన్నా తప్పులేదు గాని, తీగ సాగినప్పుడల్లా బిగించుకొంటూ ఉండాలి.

తరువాత సైజు. ఫ్రేముకు అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే మధ్య కడ్డీకీ మనకూ రెండు మూడంగుళాల సందు ఉండాలి. ‘‘పెరిగే పిల్ల గదా, పెద్దది తీసుకోండి’’ అని దుకాణదారు అంటాడు. పావడా పట్టు కాదు, మడిచి కుట్టించుకోవడానికి! సరిపోయేదే తీసుకోవాలి. చక్రాలు 26, 27.5, 29 అంగుళాల కొలతల్లో వస్తాయి. పెద్ద చక్రం రాళ్ళమీద సులువుగా దొర్లుతుంది. పొట్టివారికి 27.5 చేతిలో ఇముడుతుంది. మా అమ్మాయికి అదే కొన్నాం.

ముందు ఫోర్కుకు స్ప్రింగు చాలు. వెనక కూడా పెద్ద స్ప్రింగు పెట్టి చౌకగా అమ్మే సైకిళ్ళున్నాయే, వాటి జోలికి పోకండి. చూడ్డానికి ఏనుగు అంబారీలా ఉంటుంది. బరువూ అంతే. ఎక్కుడులో మీరు వేసే ప్రతి తొక్కుడులోనూ కొంత బలం ఆ స్ప్రింగు మింగేస్తుంది. మంచి రకం వెనక స్ప్రింగులు లేకపోలేదు గాని, ఆ సైకిలు ఖరీదులో పాత స్కూటరొకటి వస్తుంది.

ఇక గేర్ల లెక్క. మా నాన్నగారి సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. చదునుమీద రాజసంగా ఉంటుంది, కొండ ఎదురైతే దిగి నెట్టడమే. కొండ సైకిలుకు ముందు 22 పళ్ళ చక్రమూ, వెనక 34 పళ్ళ చక్రమూ కలిపితే ఒక చుట్టుకు ఒకటిన్నర మీటరు కూడా పోదు. నత్తనడక! కాని ఆ నత్త కొండ ఎక్కుతుంది. గేర్లు 21 ఉన్నాయా, 12 ఉన్నాయా అన్నది కాదు ముఖ్యం. అన్నిటికంటే చిన్న గేరు ఎంత చిన్నదో అడగండి. ఎక్కుడు మొదలుకాకముందే గేరు దింపుకోవాలి. మధ్యలో కాలు బిగించి తొక్కుతూ మారిస్తే చైను కేక పెడుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మీరు తొక్కేది ఇంటినుంచి మార్కెట్టుకూ, మార్కెట్టునుంచి ఇంటికీ అయితే ఇవేవీ అక్కర్లేదు. ఆ గుబ్బల టైర్లు తారురోడ్డుమీద కాళ్ళు పీకేస్తాయి. మామూలు సైకిలు కొనుక్కుని మిగిలిన డబ్బు పెట్టి పుస్తకాలు కొనుక్కోండి.

కొన్న తరువాత మూడు నెలలపాటు మా అమ్మాయి కొండ మొహం చూడలేదు. సాయంత్రాలు కళాశాల మైదానంలో ఆపడం నేర్చుకొన్నది. ముందు బ్రేకుకే బలం ఎక్కువ. అది ఒక్కటే గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరిపడే ప్రమాదం ఉంది. వెనకది ఒక్కటే నొక్కితే చక్రం జారుతుంది. రెండూ కలిపి, నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ నొక్కాలి. అదే క్షణంలో శరీరాన్ని వెనక్కి జరపాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. దిగుడు పొడుగునా బ్రేకు పట్టుకొని వేలాడకూడదు, పట్టి విడిచి, పట్టి విడిచి దిగాలి. లేకపోతే డిస్కు కాలి పట్టు సడలుతుంది. కింద చేరాక దాన్ని చేత్తో తాకి చూసే ముచ్చట మానండి, వేలు కాలుతుంది.

సీటు ఎత్తు విషయంలో మనవాళ్ళకొక అలవాటు ఉంది. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలంటారు. అలా తొక్కితే మోకాళ్ళు అరుగుతాయి. మడమను పెడలుమీద పెట్టి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా చాపబడాలి. ఎక్కుడుకు అదీ ఎత్తు. రాళ్ళ దిగుడు వచ్చినప్పుడు మాత్రం రెండంగుళాలు దింపుకొంటే ప్రాణానికి హాయి. హెల్మెట్టు కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చోవాలి. వెనక్కి జారి ముడిమీద పువ్వులా ఉంటే దండగ. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి పగుళ్ళు లేకపోయినా మార్చవలసిందే.

సంక్రాంతికి ముందు ఒక సంగతి జరిగింది. మా బావమరిది పండక్కి వచ్చాడు. మేనకోడలి సైకిలు కీచుమంటున్నదని, ప్రేమకొద్దీ కొబ్బరినూనె సీసా తెచ్చి చైనుకూ, చైనుతోపాటు వెనక డిస్కుకూ పట్టించాడు. శబ్దం పోయింది. బ్రేకూ పోయింది! మర్నాడు తెల్లవారుజామున బయలుదేరే ముందు వాకిట్లోనే సైకిలు నడిపిస్తూ బ్రేకు నొక్కి చూడడం మా అమ్మాయికి అలవాటు చేశాను గనక బయటపడింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి తమ్ముడివైపు చూసిన చూపు ఆ అబ్బాయి ఇంకా మరిచిపోయి ఉండడు. ప్రయాణం నాలుగు రోజులు వాయిదా పడింది. నూనె పీల్చుకొన్న బ్రేకు ప్యాడ్లు మళ్ళీ బాగుపడవు, మార్చవలసిందే. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్త ప్యాడ్లు వేసి, మైదానంలో పాతికసార్లు ఆపి ఆపి పదును చేశాం.

అలా పండగ వెళ్ళిన తరువాత కొండెక్కాం. అమ్మాయి నాలుగుచోట్ల ఆగింది, నేను అయిదుచోట్ల. దిగేటప్పుడు మూడో మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా మేకల మంద. పక్కన గోడ, అవతల లోయ. నేను వెనకనుంచి కేకవేసేలోగా అమ్మాయి సీటు వెనక్కి జరిగి, రెండు బ్రేకులూ పట్టి, మందకు పది అడుగుల దూరంలో కాలు దించి నిలబడి ఉంది. మేకల కాపరి మమ్మల్నిద్దరినీ ఎగాదిగా చూసి, ‘‘ఇంత కష్టపడి ఎక్కింది దిగడానికా సామీ?’’ అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

తారురోడ్డు వదిలి అడవిబాటలోకి వెళ్ళాలనుకొనేవారు అటవీశాఖవారి అనుమతి అడగడం మరవకూడదు. అక్కడి శత్రువు ఎలుగుబంటి కాదు, పల్లేరుకాయ. సర్కారు తుమ్మ ముల్లు దానికి అన్నగారు. పంచరు పడితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడమండి. ముల్లు అక్కడే కూర్చుని రెండో ట్యూబుకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లలు రెండు, చేతిపంపు, ఎలెన్ కీల కట్ట సంచిలో ఉండాలి. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. మట్టిబాటలో ఆ హద్దుల్లో తక్కువవైపు, రోడ్డుమీద ఎక్కువవైపు.

మా సీమ ఎర్రమట్టి చైనుకు అసలు శత్రువు. నూనె ఎక్కువైతే ఆ మట్టి అంటుకొని గరుకు కాగితంలా పళ్ళను అరగదీస్తుంది. పొడిగుడ్డతో చైను తుడిచి, లంకె లంకెకూ ఒక్కొక్క చుక్క వేసి, పది నిమిషాలాగి పైనున్నదంతా తుడిచేయాలి. నూనె లోపల ఉండాలి, పైన కాదు. లారీలు కడిగే నీటిపంపు కింద సైకిలు పెట్టి కడిగించేవారున్నారు. ఆ ధాటికి బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. ఒక చెంబు నీళ్ళు, పాత టూత్‌బ్రష్షు చాలు. చైను కొలవడానికి పన్నెండంగుళాల స్కేలుంటే సరిపోతుంది. కొత్త చైనులో పన్నెండు జతల లంకెలు సరిగ్గా పన్నెండంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చేయండి. ఎనిమిదో వంతు దాకా ఉపేక్షిస్తే వెనక పళ్ళచక్రాలు కూడా చైనుతోపాటు పోతాయి, ఖర్చు నాలుగింతలు.

ఈ పనుల్లో చాలావాటికి మా వీధి చివర సైకిలు షాపు సాయిబుగారు ఉన్నారు. నలభై ఏళ్ళుగా మా ఊరి రిమ్ముల వంకరలు తీస్తున్న చెయ్యి. మొదట్లో నా సైకిలు చూసి, ‘‘సార్, దీనికి నా దగ్గర పానాలు లేవు’’ అన్నారు. ఎడమ పెడలు ఎదురు మర అని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది పాత సైకిళ్ళకూ అంతే. నిరుడు ఎలెన్ కీలు, చైను విప్పే పరికరం తెప్పించుకొన్నారు. నూనె బ్రేకుల్లో ఖనిజ నూనె పోసేవి వేరు, డాట్ ద్రవం పోసేవి వేరు. ఒకదానిది ఒకదానికి పోస్తే లోపలి రబ్బరు పాడవుతుంది. ఆ సంగతి రాసి ఉన్న ఇంగ్లీషు కాగితం తెచ్చి నాచేత చదివించుకొన్నారు. నేను తెలుగులో చెబుతూంటే వారి మనవడు ఉర్దూలో రాసి, గాలిపంపు పైన గోడకు అంటించాడు. ఇప్పుడు ఆదివారం పూట అక్కడ మా అమ్మాయి సైకిలుతో కలిపి గేర్ల సైకిళ్ళు అయిదు నిలబడి ఉంటున్నాయి.