మలేసియా ఎందుకు?

కర్ణాటకలోని మండికల్ నుంచి సెలవులకు విదేశం వెళ్ళాలంటే మలేసియా దగ్గర దారి. చిక్కబళ్ళాపురం దాటితే దేవనహళ్ళి విమానాశ్రయం. అక్కడ ఎక్కితే నాలుగు గంటల పైచిలుకులో కౌలాలంపూర్. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదన్నారు. అక్కడి బతూ గుహలకు 272 రంగుల మెట్లు, కింద 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం. చేతిలో అరటిపండు కనిపిస్తే కోతులు వదలవు, అచ్చం నంది కొండ కోతులే. రోటీ చనాయ్ అంటే ఇంచుమించు మన పరోటాయే, పక్కన పప్పు పోస్తారు. బ్రిటిష్ కాలంలో తోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి 1955లో సంఘం పెట్టుకుంది; రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. కర్ణాటకలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే ఊరికి ఇది చుట్టాల దేశం లెక్క. దురియన్ పండును మాత్రం చాలా హోటళ్ళు లోపలికి తేనివ్వవు.