పహాణీలో ఖరాబు

ఎయిర్‌పోర్టు అవతల గుట్టల మీద ఆదివారాలు కుర్రాళ్ళు రాళ్ళెక్కుతున్నారట, ఒకసారి చూసి రాయండి అని ఎడిటర్ గారు ఫోన్ చేశారు. మహేశ్వరం అనగానే మరో మాట లేకుండా ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళ కింద మేం ఎక్కడం నేర్చుకున్నది అక్కడే. శ్రీశైలం రోడ్డు బస్సులో మహేశ్వరం గేటు దగ్గర దిగి, భుజాన తాడు వేసుకుని, చేల గట్ల మీద నడిచి వెళ్ళేవాళ్ళం. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది 2008లో. మా రోజుల్లో ఆ గుట్టల మీద వినబడేది కౌజుపిట్టల కూతే. మాకు బాగా ఇష్టమైన గుండుకి 'ఎద్దుమూపు' అని పేరు పెట్టుకున్నాం.

ఎద్దుమూపు ఇంకా ఉంది. దాని వెనక గుట్ట సగమే ఉంది. మిగతా సగం చోట ప్లాట్ల హద్దురాళ్ళు, వాటికి పసుపు రంగు.

పిల్లలు ఆరుగురు వచ్చారు. పడితే దెబ్బ తగలకుండా కింద క్రాష్ ప్యాడ్లు పరిచారు, చేతులకు తెల్లపొడి రాసుకున్నారు. వాళ్ళ గురించి రాయాల్సింది చాలానే ఉంది. కానీ మేకలు తోలుకుంటూ వచ్చి మా పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన నా ధ్యాసంతా లాగేసుకున్నాడు. వడ్డెరాయన. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. ఒకమ్మాయి పలుచటి రాతి పెచ్చును పట్టుకుని పైకి లేవబోతుంటే, "ఆగు బిడ్డా" అన్నాడు. కింద పడున్న గులకరాయి తీసి ఆ పెచ్చు మీద రెండుసార్లు కొట్టాడు. జానెడు పక్కకు జరిగి మళ్ళీ కొట్టాడు. పక్కన ఖంగుమంది. పెచ్చు మీద డొల్ల చప్పుడు.

"దీని కడుపుల ఖాళీ ఉన్నది. నీ బరువు మొయ్యదు."

అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మేమూ పట్టు పట్టే ముందు పిడికిలితో తట్టి చూసేవాళ్ళం, ఎక్కేవాళ్ళ మొదటి పాఠమే అది. ఆయన ఆ పాఠాన్ని యాభై ఏళ్ళు ఉలితో చదివాడు. చేతులు చూపించమని అడిగాను. కుడి అరచేయంతా కాయలు కాసి తోలుచెప్పు అడుగులా ఉంది. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి నల్లబడింది, చిటికెనవేలు ముడుచుకోదు. ముంజేతి చర్మం కింద నీలంగా చుక్కలు, ఉలి అంచు నుంచి ఎగిరి లోపలికి దిగిన ఇనుప రవ్వలు. ఆ చేత్తోనే ఎద్దుమూపును మెల్లగా నిమిరి, వాటం ఎటు పోతుందో, చీల పెడితే ఏ గీత వెంట పగులుతుందో చెప్పాడు. ఆ గీత వెంటే మేం ఎక్కే దారి. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"ఇన్నేళ్ళు కొట్టిన్రు కదా కాకా, గుట్ట అయిపోలేదా?" అన్నాను.

"మా తాత కొట్టిండు, మా నాయిన కొట్టిండు, నేను కొట్టిన. కడీలు, ఇసుర్రాళ్ళు, గుమ్మాలు. మూడు తరాలు కొడితే ఆ మూలకు గింత గుంత పడ్డది సారూ. మిషన్లొచ్చినంక ఆర్నెల్లకు ఆ దిక్కు గుట్టే లేదు. మాకు పనీ లేదు, రాయీ లేదు."

ఆయన చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. దక్కన్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఈ గుండ్లను చూసి ఏ రాక్షసుడో ఒకదాని మీద ఒకటి పేర్చాడనుకుంటాం. అవి ఒకప్పుడు ఒకే బండ. నిలువుగా, అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. భూమి లోపలే నీరు ఆ పగుళ్ళలోకి దిగి మూలలను అరగదీసింది. పైనున్న మట్టి కొట్టుకుపోయాక ఉన్నచోటే గుండ్రంగా బయటపడ్డాయి. హంపీలో ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చి ఎక్కే గుండ్లు వీటికి దగ్గరి చుట్టాలు. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ రాయి ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద. మన రాయి మీద నేర్చుకున్న పిల్లలు అంత దూరం వెళ్ళారు.

అలాంటి రాయికి ప్రభుత్వ కాగితాల్లో ఉన్న పేరేమిటి? సాగుకు పనికిరాని నేలను పహాణీలో పోట్ ఖరాబు అని రాస్తారు. గుట్టా అందులోనే. ఖరాబు అని రాశాక దాన్ని పగలగొట్టడం బాగుచేయడంలాగే కనిపిస్తుంది. ఈ మాట మారాలి. ఈ గుట్ట మీద పడ్డ వాన పగుళ్ళలోంచి దిగి కింది బావులకు చేరుతుంది. సీతాఫలం, తంగేడు ఈ బండల సందుల్లోనే మొలుస్తాయి, గుడ్లగూబ ఈ రాతి అరుగుల మీదే గుడ్లు పెడుతుంది. ఇది ఖరాబు ఎలా అవుతుంది?

హైదరాబాద్‌లో 1990ల నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ ఈ మాటే అంటూ వస్తోంది. పట్టణాభివృద్ధి సంస్థ హుడా ఉన్న కాలంలో 9 శిలారూపాలు వారసత్వ జాబితాకెక్కాయి. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, మౌలాలి సెంటినల్ రాక్, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు అందులోవే. మహేశ్వరం వైపు రాయి ఒక్కటీ ఆ జాబితాలో లేదు. పక్క మండలం కందుకూరు వైపు కొత్త నగరం వస్తోంది. పునాదులకు, రోడ్లకు కంకర కావాలి. అది ఏ గుట్ట నుంచి తెస్తారో ముందే తేల్చుకోవాలి.

ఎక్కేవాళ్ళ తప్పులూ ఉన్నాయి. మేం ఆ రోజుల్లో ఇనుప బ్రష్షుతో నాచు గీకేశాం. ఆ గీతలు ఎద్దుమూపు మీద ఇంకా కనిపిస్తున్నాయి, వాటిని చూసి బాధపడ్డాను. ఈ పిల్లలు నైలాన్ బ్రష్షు వాడుతున్నారు, దిగాక పొడి మరకలు తుడుస్తున్నారు, తెల్లటి రెట్టల చారలున్న అరుగు వైపు పోకుండా పక్కకు తప్పుకున్నారు. మాకంటే చాలా నయం. వాళ్ళు చేయాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని వాళ్ళకు ముఖాముఖీ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

వచ్చే ఆదివారం గుట్టకు వెళ్ళేటప్పుడు బ్రష్షుతో పాటు నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఏ గుండు ఏ సర్వే నంబరులో ఉందో, దాని చుట్టుకొలత ఎంతో రాసుకోండి, ఫోటో తీయండి. ఆ ఊరి వడ్డెర పెద్దల దగ్గర కూర్చుని ఆ రాయి గురించి వాళ్ళకు తెలిసింది అడగండి. ఆ కాగితాలన్నీ అర్జీతో కలిపి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.